దాచిపెట్టిన షాంపేన్ ఇంకా బాగుందా? సీసా ముందు కూర్చుని తేల్చుకునే పద్ధతి

ఎవరో కానుకగా ఇచ్చారు. మంచి సందర్భం వచ్చినప్పుడు తీద్దాంలే అని లోపల పెట్టారు. సందర్భాలు వచ్చాయి, పోయాయి. సీసా మాత్రం అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు దుమ్ము తుడిచి చూస్తే కొన్ననాటిలాగే ఉంది. లోపలిది తాగొచ్చా, పారబోయాలా?

ముందు ఒక భయం తీర్చుకుందాం. పాత షాంపేన్ వయసు వల్ల విషంగా మారదు. అందులో ఆల్కహాల్ సుమారు 12 శాతం ఉంటుంది, పీహెచ్ 3కి దగ్గరగా ఉండేంత పులుపు ఉంటుంది. జబ్బు తెచ్చే బాక్టీరియా అందులో బతకలేదు. అందుకే లేబుల్ మీద ఎక్స్‌పైరీ తేదీ కనిపించదు. కాబట్టి ఆరోగ్యం గురించి టెన్షన్ అక్కర్లేదు, తేల్చుకోవలసింది రుచి గురించే. బుడగలు ఉన్నాయా, పస ఉందా, లేక చప్పబడిపోయిందా?

‘ఎన్నేళ్లు నిలవ ఉంటుంది?’ అని అందరూ అడుగుతారు. నన్నడిగితే అంతకంటే ముందు అడగాల్సింది ‘ఆ ఏళ్లన్నీ ఎక్కడ ఉంది?’ అని. మంచి చోట పదిహేనేళ్లు పడుకున్న సీసా అద్భుతంగా ఉండొచ్చు, చెడ్డ చోట రెండేళ్లున్నది పనికిరాకుండా పోవచ్చు. కింది మెట్లన్నీ ఈ రెండు ప్రశ్నల చుట్టూ తిరుగుతాయి. సీసా చేతిలో పెట్టుకుని చదివితే ఇంకా బాగా అర్థమవుతుంది.

మొదటి మెట్టు: చేతిలో ఉన్నది అసలు ఏమిటి?

లేబుల్ చదవండి. షాంపేన్ అన్న మాట ఉందా? ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతంలో, అంటే రీమ్స్, ఎపెర్నే ఊళ్ల చుట్టుపక్కల పండిన ద్రాక్షతో, అక్కడి నియమాల ప్రకారం చేసినదానికే ఆ పేరు. అక్కడ బుడగలు సీసాలోనే పుడతాయి. మామూలు వైన్‌కు లీటరుకు 24 గ్రాముల దాకా చక్కెర, కొంచెం ఈస్ట్ కలిపి సీసాలో పోసి మూసేస్తారు. ఈస్ట్ ఆ చక్కెర తిని గ్యాస్ వదులుతుంది. ఆ గ్యాస్ బయటికి పోయే దారి లేక వైన్‌లోనే కరిగిపోతుంది.

మీ దగ్గరున్నది ప్రొసెక్కో, అంటే ఇటలీ బుడగల వైన్ అయితే ఈ గైడ్‌లో ఎక్కువ భాగం మీకు అవసరం లేదు. అది చాలావరకు పెద్ద ట్యాంకుల్లో తయారవుతుంది. తాజా పండు వాసనే దాని అందం, ఏడాది రెండేళ్లలో తాగేయాలి. మూడేళ్లు దాటినదైతే పెద్దగా ఆశలు పెట్టుకోకుండా తీసి చూడండి.

షాంపేన్ అని తేలితే, లేబుల్ మీద ఏదైనా సంవత్సరం ఉందేమో చూడండి. చాలా సీసాల మీద ఉండదు. వాటిని నాన్ వింటేజ్ అంటారు. అంటే వేర్వేరు సంవత్సరాల వైన్లను కలిపి, ఎప్పుడు కొన్నా ఒకే రుచి వచ్చేలా చేసినవి. ఇవి అంగడికి వచ్చేసరికే తాగడానికి సిద్ధంగా ఉంటాయి. మంచి చోట పెడితే మూడేళ్ల నుంచి అయిదేళ్ల దాకా హాయిగా ఉంటాయి. అంతకు మించి దాచినా అవి ఎదుగుతూ పోయే రకం కాదు, ఎక్కువశాతం మెల్లగా నీరసపడతాయి.

సంవత్సరం ఉంటే అది వింటేజ్. ఆ ఏటి పంటతోనే చేసినది. ఇది మాగడానికి పుట్టిన వైన్. చల్లని చోట పదేళ్లు సులువుగా నిలుస్తుంది. మంచి పంట, మంచి చేయి పడ్డవి ఇరవై ఏళ్లు దాటినా అదరగొడతాయి. 1996, 2008 లాంటి సంవత్సరాల గురించి షాంపేన్ ప్రియులు ఇప్పటికీ ఇష్టంగా చెప్పుకోవడానికి పెద్ద కారణం ఆ పంటల్లోని పులుపు. వైన్ లోపల వెన్నెముకలా నిలబడేది పులుపే. 2003లో యూరప్‌ను వడగాడ్పులు కాల్చేశాయి, ఆ ఏడు ద్రాక్షలో పులుపు తగ్గింది. ఆ ఏటి సీసా దొరికితే ఇంకా దాచాలని నేననుకోను.

తీపి ఎంతో కూడా చూడండి. బ్రూట్ అంటే లీటరుకు 12 గ్రాముల లోపు చక్కెర. ఎక్స్‌ట్రా బ్రూట్ అంటే 6 గ్రాముల లోపు. బ్రూట్ నేచర్‌లో విడిగా చక్కెర కలపరు, ఉన్నది 3 గ్రాములకు మించదు. డెమీ సెక్‌లో 32 నుంచి 50 గ్రాముల దాకా ఉంటుంది. కార్క్ వేసే ముందు కలిపే ఆ కాస్త చక్కెర ఏళ్లు గడిచేకొద్దీ వైన్‌లోని అమైనో ఆమ్లాలతో కలిసి కాల్చిన బ్రెడ్డు, తేనె లాంటి వాసనలు పుట్టిస్తుంది. అందుకే అసలు చక్కెర లేని రకాల్ని నేను ఎక్కువకాలం దాచను. ‘రోజే’ అనే గులాబీ రంగు షాంపేన్లని కూడా అంతే, వాటిలో ఉన్న ఎర్రపండ్ల తాజాదనం త్వరగా వాడిపోతుంది.

ఇక సీసా సైజు. ఇది చిన్న విషయం కాదు. 375 మిల్లీలీటర్ల చిన్న సీసాకూ, లీటరున్నర మాగ్నమ్‌కూ మెడ భాగంలో గాలి తగిలే చోటు ఇంచుమించు ఒకటే. లోపలి వైన్‌లో మాత్రం నాలుగింతలు తేడా. కాబట్టి చిన్నది త్వరగా ముసలిదవుతుంది, పెద్దది నెమ్మదిగా మాగుతుంది. బుడగల విషయంలోనూ అంతే. రీమ్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పాత సీసాల్లో మిగిలిన గ్యాస్ కొలిచి 2023లో ఒక అంచనా ప్రచురించారు. గ్లాసులో పోస్తే తనంతట తాను బుడగలు పుట్టించే శక్తి మామూలు 750 మిల్లీలీటర్ల సీసాలో 40 ఏళ్లు, మాగ్నమ్‌లో 82 ఏళ్లు, మూడు లీటర్ల జెరోబోమ్‌లో 132 ఏళ్లు నిలవగలదని తేల్చారు. ఇది నేలమాళిగలో చల్లగా పడుకున్న సీసాల లెక్క అని మర్చిపోకండి.

రెండో మెట్టు: వయసు ఎప్పటినుంచి లెక్కపెట్టాలి?

చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. లేబుల్ మీది సంవత్సరం ద్రాక్ష కోసిన ఏడాది మాత్రమే. షాంపేన్ అసలు వయసు మీద పడేది మరో రోజు నుంచి.

సీసాలో పని ముగించిన ఈస్ట్ చచ్చి మడ్డిగా అడుగున పేరుకుంటుంది. నాన్ వింటేజ్ అయితే సీసాలో పోసినప్పటినుంచి కనీసం 15 నెలలు నేలమాళిగలోనే ఉండాలి, అందులో 12 నెలలు ఆ మడ్డి మీదే. వింటేజ్‌కు కనీసం 3 ఏళ్లు. పేరున్న సంస్థలు ఇంతకంటే చాలా ఎక్కువే ఉంచుతాయి. ఆ మడ్డి ఉన్నంతకాలం అది కాపలాదారు. లోపలికి దూరిన కొద్దిపాటి ఆక్సిజన్‌ను తనే మింగేస్తుంది, బదులుగా వైన్‌కు బ్రెడ్డు, బాదం లాంటి వాసనలు ఇస్తుంది. మడ్డిని మెడలోకి దింపి, బయటికి తీసేసి, చక్కెర కలిపి, అసలు కార్క్ బిగించే పనిని డిస్‌గార్జ్‌మెంట్ అంటారు. ఆ రోజుతో కాపలా పోయినట్టే. అప్పటినుంచి కార్క్ గుండా గాలి కొద్దికొద్దిగా లోపలికి వస్తుంటుంది, గ్యాస్ కొద్దికొద్దిగా బయటికి పోతుంటుంది.

ఈ గుట్టు తెలిశాకే బోలాంజే అనే షాంపేన్ సంస్థ చేసిన పని అర్థమవుతుంది. 1952 పంటను ఏళ్లకేళ్లు మడ్డి మీదే ఉంచి, 1967లో ‘ఆర్.డి.’ పేరుతో విడుదల చేశారు. ఆ రెండక్షరాలకు ఫ్రెంచిలో ‘ఈమధ్యే మడ్డి తీసినది’ అని అర్థం. కాబట్టి ఒకే పంటకు చెందిన రెండు సీసాల్లో ఒకటి యవ్వనంలో, ఇంకొకటి ముసలితనంలో ఉండటం వింతేమీ కాదు.

వెనక లేబుల్ చూడండి. ఫ్రెంచిలో ‘డెగోర్జె’ లేదా ‘డెగోర్జ్‌మాఁ’ అన్న మాట పక్కన నెల, సంవత్సరం ఉంటే అదే మీ లెక్కకు మొదలు. చిన్న రైతు నిర్మాతలు ఈ తేదీని వేయడం తరచు కనిపిస్తుంది. క్రుగ్ అనే సంస్థ సీసా అయితే వెనక ఒక ఐడీ నంబరు ఉంటుంది. దాన్ని వాళ్ల వెబ్‌సైట్‌లో కొడితే ఆ సీసా వివరాలు వస్తాయి. ఏమీ లేకపోతే మీరు కొన్న తేదీకి ఏడాది ముందునుంచి లెక్కేసుకోండి. మీ దగ్గరికి రాకముందు అది ఎక్కడో ఒకచోట కొంతకాలం ఉండే ఉంటుంది కదా.

మూడో మెట్టు: ఇన్నాళ్లూ ఎక్కడ ఉంది?

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే మీ సీసా జాతకం తేలేది ఇక్కడే.

ఒకసారి నేనూ, స్నేహితురాలూ కలిసి ఒకే పెట్టెలోని రెండు నాన్ వింటేజ్ సీసాలు చెరొకటి తీసుకున్నాం. నాది వంటింటి అలమర పైన, స్టవ్‌కు నాలుగడుగుల దూరంలో పెట్టాను. ఆవిడది భూమికి సగం లోపలున్న చీకటి గదిలో, చల్లటి నేల మీద. అయిదేళ్ల తర్వాత ఒకే సాయంత్రం రెండూ తీశాం. ఆవిడ సీసా తెరిచినప్పుడు నిట్టూర్పులాంటి శబ్దం వచ్చింది. గ్లాసులో లేత బంగారు రంగు, అడుగునుంచి సన్నటి దారాల్లా బుడగలు, కాల్చిన బ్రెడ్డు వాసన. నాది తీస్తే చప్పుడే లేదు. కార్క్ వేళ్లకు వదులుగా వచ్చేసింది. లోపలిది పలచటి టీ రంగుకు తిరిగింది. గ్లాసు గోడకు అక్కడక్కడ నాలుగు బుడగలు అంటుకుని ఉన్నాయి, అంతే. వాసన కోసి వదిలేసిన ఆపిల్ ముక్కది. రెండూ ఒకే పెట్టెలోవని చెబితే ఎవరూ నమ్మేలా లేరు. అప్పటినుంచి షాంపేన్ గురించి ఎవరు అడిగినా ముందు నేను చోటు గురించే అడుగుతాను.

సీసాను పాడుచేసేవి నాలుగు. మొదటిది వేడి. షాంపేన్‌కు సరైన చల్లదనం 10 నుంచి 12 డిగ్రీలు. రీమ్స్ నగరం కింద సుద్దరాతి గనులున్నాయి, వాటిలో కొన్ని రోమన్ల కాలంనాటివి. ఆ లోతుల్లో ఏడాది పొడవునా ఇంచుమించు ఇంతే చల్లదనం. సంస్థలు తమ సీసాల్ని లక్షల్లో అక్కడే పడుకోబెడతాయి. 2015లో యునెస్కో ఆ కొండవాలు తోటలతో పాటు ఈ నేలమాళిగల్ని కూడా ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వేడి పది డిగ్రీలు పెరిగితే లోపలి రసాయనిక చర్యల వేగం సుమారు రెండింతలవుతుంది. 30 డిగ్రీల గదిలో గడిచిన ఏడాదిని చల్లని మాళిగలో గడిచిన మూడు నాలుగేళ్లతో పోల్చుకోవచ్చు. నిజానికి అంతకంటే అన్యాయమే జరుగుతుంది, ఎందుకంటే వేడిలో అందంగా మాగడం ఉండదు, ఉడికిపోవడమే ఉంటుంది.

రెండోది వేడి చల్లదనాల ఊగిసలాట. పగలు వేడి, రాత్రి చల్లన. వైన్ వ్యాకోచించి కార్క్‌ను నెడుతుంది, మళ్లీ ముడుచుకుని వెనక్కి లాగుతుంది. నెలల తరబడి ఇలా సాగితే బిగువు సడలుతుంది. నిలకడగా 16 డిగ్రీలున్న గది, రోజూ 10 నుంచి 22కు ఎక్కి దిగే గదికంటే ఎంతో మేలు.

మూడోది వెలుతురు. దీన్ని అందరూ తేలిగ్గా తీసుకుంటారు. వైన్‌లో సహజంగా ఉండే రైబోఫ్లేవిన్, అంటే విటమిన్ బి2, నీలికాంతినీ అతినీలలోహిత కాంతినీ పట్టుకుని మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాన్ని విడగొడుతుంది. అందులోంచి గంధకపు వాసనలు పుడతాయి. ఉడికిన క్యాబేజీ, తడి ఉన్ని గుర్తొస్తాయి. ఫ్రెంచివాళ్లు దీనికి ‘వెలుతురు రుచి’ అని పేరు కూడా పెట్టుకున్నారు. ముదురు ఆకుపచ్చ గాజు చాలావరకు అడ్డుకుంటుంది, పారదర్శకమైన గాజు అసలు అడ్డుకోదు. లూయీ రోడరర్ వాళ్ల క్రిస్టల్ సీసాకు చుట్టి వచ్చే పసుపు రంగు కాగితం అలంకారం కాదు, ఆ తెల్లగాజుకు గొడుగు. దాన్ని తీసి పారేయకండి. షోకేసులో లైటు కింద నెలల తరబడి నిలబడ్డ సీసా ఎంత ఖరీదైనదైనా నేను నమ్మను.

నాలుగోది పొడిగాలి. మామూలు ఫ్రిజ్‌లో గాలి చాలా పొడిగా ఉంటుంది. రెండు మూడు వారాలు పెడితే ఏమీ కాదు. ఏళ్ల తరబడి పెడితే కార్క్ బయటివైపు ఎండి ముడుచుకుంటుంది, గ్యాస్ జారిపోతుంది. అలాగని ఫ్రిజ్ తలుపు అరలో ఒక ఏడాది ఉన్నదాన్ని పారేయనక్కర్లేదు. అలమరలో వేడికి మగ్గినదానికంటే అది బాగుండే అవకాశమే ఎక్కువ.

చోటు మహిమకు ఇంతకంటే పెద్ద రుజువు సముద్రంలో దొరికింది. 2010లో ఫిన్లాండ్‌కు చెందిన ఆలండ్ దీవుల దగ్గర, బాల్టిక్ సముద్రంలో సుమారు 50 మీటర్ల లోతున మునిగిన ఓడలో 168 షాంపేన్ సీసాలు బయటపడ్డాయి. వాటిలో వ్యూవ్ క్లికో, హైడ్‌సీక్, ఇప్పుడు లేని జుగ్లార్ సంస్థల సీసాలున్నాయి. దాదాపు 170 ఏళ్లు చీకట్లో, 2 నుంచి 4 డిగ్రీల నీటిలో ఉన్నాయి. రీమ్స్ శాస్త్రవేత్తలు 2015లో వాటి పరీక్షల ఫలితాలు ప్రచురించారు. లీటరుకు దాదాపు 150 గ్రాముల చక్కెర ఉంది, ఆ కాలపు అలవాటు అది. గ్యాస్ చాలావరకు పోయింది. మొదట పోసినప్పుడు జంతువుల వాసన, తడి వెంట్రుకల వాసన వచ్చాయట. గ్లాసు తిప్పి గాలి తగలనిచ్చాక పొగ, తోలు, మసాలాల వాసనలు విచ్చుకున్నాయి. 170 ఏళ్ల తర్వాత కూడా అది వైనే. నా అలమర మీది సీసా అయిదేళ్లు నిలవలేదు.

నాలుగో మెట్టు: తెరవకముందు సీసాను పరీక్షించడం

సీసాను ఒకరోజు నిలబెట్టి ఉంచండి. తర్వాత చీకటి గదిలో వెనకనుంచి టార్చి వేసి చూడండి. వైన్ మట్టం రేకు కప్పిన భాగంలోనో, దాని అంచు దగ్గరో ఉండటం మామూలే. మెడ దాటి భుజం వెడల్పయ్యే చోటికి దిగిపోయిందంటే ఎంతో కొంత కారిందనో ఆవిరైందనో అర్థం. ఆ ఖాళీలోకి గాలి చేరి ఉంటుంది.

రంగు పచ్చగాజులోంచి సరిగ్గా తెలియదు, అయినా బాగా గోధుమరంగు తిరిగితే పట్టేయవచ్చు. రేకు కింద జిగురుగా ఉందా, ఎండిన చారలున్నాయా చూడండి. రేకు మీద బూజు పట్టి ఉంటే భయపడకండి, తేమగల చోట పడుకుందని మాత్రమే అర్థం. నా దృష్టిలో అది మంచి గుర్తే. అడుగున గాజుపొడిలా మెరిసే పలుకులు కనిపిస్తే అవి టార్టారిక్ ఆమ్లం నుంచి వచ్చిన స్ఫటికాలు కావచ్చు, వాటితో హాని లేదు. కాకపోతే సీసా మూతి దగ్గర పగులు, పెచ్చు ఊడిన గుర్తు ఉంటే మాత్రం ఆ సీసా తాగకండి. మొత్తం పరీక్షలో ప్రాణానికి సంబంధించిన విషయం అదొక్కటే.

అయిదో మెట్టు: జాగ్రత్తగా తెరవడం

పాతదే కదా, గ్యాస్ ఏముంటుందిలే అనుకోవద్దు. కొత్త సీసాలో సుమారు 6 అట్మాస్ఫియర్ల ఒత్తిడి ఉంటుంది. కారు టైరులో ఉండేదానికి రెండింతలకు పైనే. మీ సీసాలో ఎంత మిగిలిందో తెరిచేదాకా తెలియదు, కాబట్టి నిండుగా ఉందనే అనుకుని మొదలుపెట్టండి.

ఫ్రిజ్‌లో నాలుగు గంటలైనా నిలబెట్టి చల్లబరచండి. చల్లదనానికి ఒత్తిడి తగ్గుతుంది. డీప్ ఫ్రీజర్ జోలికి వెళ్లకండి. మర్చిపోయారంటే గడ్డకట్టి సీసా పగులుతుంది. రేకు తీశాక బొటనవేలు కార్క్ మీద నొక్కి పెట్టి, కార్క్‌ను బిగించి ఉంచే తీగను అర తిప్పు చొప్పున ఆరుసార్లు తిప్పి విప్పండి. తీగను పూర్తిగా తీయనక్కర్లేదు, వదులు చేసి కార్క్‌తో కలిపే పట్టుకోండి, జారదు. సీసాను 45 డిగ్రీలు వంచి, మూతి ఎవరి ముఖంవైపూ లేకుండా చూసుకోండి. కార్క్ కదలకుండా పట్టుకుని అడుగునుంచి సీసాను తిప్పండి. పాత కార్క్‌లకు ఈ పద్ధతే మంచిది. కార్క్‌ను తిప్పితే అది మెడలోనే విరిగే ప్రమాదం ఉంటుంది.

విరిగిందే అనుకోండి. కంగారు వద్దు. సీసాను మళ్లీ ఓ గంట ఫ్రిజ్‌లో పెట్టండి. తర్వాత మందపాటి తువ్వాలు చుట్టి, మూతిని మనుషులకు దూరంగా తిప్పి, కార్క్‌స్క్రూను నిదానంగా దింపండి. గ్యాస్ ఉంటే బుసమని బయటికొస్తుంది, అది ఆగాక లాగండి.

ఆరో మెట్టు: కార్క్, కన్ను, ముక్కు, నాలుక

చేతికొచ్చిన కార్క్‌ను పారేయకండి, అది సీసా ఆత్మకథ. షాంపేన్ కార్క్ పైభాగం బెరడు పలుకుల్ని అతికించి చేసినది, వైన్‌కు తగిలే అడుగున అసలు బెరడు బిళ్లలు రెండు ఉంటాయి. సీసాలోకి దూర్చకముందు అది మెడకంటే చాలా లావుగా ఉంటుంది, నొక్కి దూరుస్తారు. కొత్త సీసాలోంచి తీస్తే అడుగుభాగం గంట ఆకారంలో విచ్చుకుంటుంది. ఫ్రెంచివాళ్లు దాన్ని లంగాతో పోలుస్తారు. ఏళ్లు గడిచిన కార్క్ ఆ శక్తి పోగొట్టుకుంటుంది. తీశాక కూడా నిటారుగా, సన్నగా, మేకులా ఉండిపోతుంది. అలా ఉందంటే మడ్డి తీసి చాలాకాలమైందని అర్థం, కొత్తగా వచ్చిన సరుకని ఎవరు చెప్పినా సరే. వింటేజ్ అయితే కార్క్ మీద కూడా సంవత్సరం ముద్రించి ఉంటుంది, లేబుల్‌తో సరిపోల్చండి.

పొడవాటి సన్న గ్లాసు వద్దు. నడుము దగ్గర కొంచెం వెడల్పుండే వైన్ గ్లాసు తీసుకుని రెండు గుక్కలంత పోయండి. లేత గడ్డి రంగు అంటే ఇంకా పడుచుదనమే. బంగారు రంగు మాగినదానికి గుర్తు. తుప్పు, గోధుమ రంగులంటే ఆక్సిజన్ గట్టిగానే తగిలింది. బుడగలు తక్కువగా, చిన్నగా ఉండటం పాత సీసాల్లో సహజం, తప్పు కాదు.

ఇప్పుడు వాసన. కాల్చిన బ్రెడ్డు, తేనె, బాదం, ఎండుపండ్లు, కాస్త పుట్టగొడుగు, కాఫీ వస్తుంటే సీసా చక్కగా మాగింది. మెంతుల్లాంటి, మాడిన చక్కెర లాంటి వాసన వస్తుంటే అది సొటొలాన్ అనే పదార్థం పని. మెంతులకు ఆ వాసననిచ్చేదీ అదే. కొద్దిగా ఉంటే ముచ్చటగా ఉంటుంది, అదొక్కటే మిగిలితే వయసు మీరిపోయినట్టు. చెక్కిన ఆపిల్ ముక్క నల్లబడినప్పటి వాసన ఆక్సీకరణది. తడిసిన అట్టపెట్టె, బూజుపట్టిన గది వాసన వస్తే అది కార్క్ జబ్బు. దానికి వయసుతో సంబంధం లేదు, కొత్త సీసాకైనా రావచ్చు. ఘాటైన వెనిగర్ వాసన షాంపేన్‌లో అరుదు, కార్క్ పూర్తిగా విఫలమైతేనే వస్తుంది.

మొదటి పీల్పుకే తీర్పు చెప్పకండి. దీన్ని గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే మంచి సీసాలు చాలా ఇక్కడే సింకు పాలవుతాయి. ఏళ్లుగా ఊపిరాడక ఉన్న వైన్‌లో మొదట కొంత మురుగు వాసన ఉండొచ్చు. పది నిమిషాలు వదిలేసి మళ్లీ చూడండి. బాల్టిక్ సీసాలకు జరిగింది మీ సీసాకూ జరగొచ్చు. కార్క్ జబ్బు మాత్రం గాలి తగిలేకొద్దీ ఇంకా స్పష్టంగా తెలుస్తుంది, తగ్గదు.

చివరికి ఒక గుక్క. పులుపు ఇంకా నాలుకను మేల్కొలుపుతోందా? మింగాక రుచి కాసేపు నిలుస్తోందా? ఈ రెండూ ఉంటే బుడగలు తక్కువైనా అది మంచి షాంపేనే. మరీ చల్లగా తాగకండి. మాగినదానికి 12 డిగ్రీల దాకా ఉంటేనే వాసన విచ్చుకుంటుంది.

తీర్పు వచ్చాక

రుచి అద్భుతంగా ఉండి గ్యాస్ మాత్రం పోయిందనుకోండి. పాత షాంపేన్ ప్రియులు చేసే పని ఒకటుంది. తాజా బ్రూట్ సీసా ఒకటి తెరిచి, పాతది ముప్పావు గ్లాసు పోసి పైన పావు గ్లాసు కొత్తది కలుపుతారు. పాతదాని లోతుకు కొత్తదాని ప్రాణం తోడవుతుంది. నాకు చాలా ఇష్టమైన పద్ధతి ఇది, ఇందులో చిన్నతనమేమీ లేదు. చప్పబడినా చెడువాసన లేకపోతే వంటలో మామూలు తెల్ల వైన్ వాడే చోట వాడుకోవచ్చు. కార్క్ జబ్బు పట్టినదాన్ని మాత్రం వంటలోనూ వేయకండి, ఆ బూజు వాసన వంట మొత్తానికీ పాకుతుంది.

తెరిచిన సీసా మిగిలితే షాంపేన్ కోసం చేసిన బిగుతు మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. తాజాది రెండు మూడు రోజులు వస్తుంది, పాతది మర్నాటికే డీలాపడుతుంది. మెడలో వెండి చెంచా వేలాడదీస్తే గ్యాస్ ఆగుతుందన్న మాట ప్రయోగాల్లో నిలవలేదు. గ్యాస్‌ను నిలబెట్టేది చల్లదనమే.

ఇంకా కొన్ని సీసాలు దాచాలనుకుంటే

ఇంట్లో అన్నిటికంటే చల్లగా, చీకటిగా, కదలికల్లేని మూల వెతకండి. కింది అంతస్తు, లోపలి గది, అలమర అడుగు అర. అటక వద్దు, వంటిల్లు వద్దు. గుడ్డలోనో అసలు పెట్టెలోనో చుట్టి పెట్టండి. ఏడాది రెండేళ్లకైతే నిలబెట్టినా పడుకోబెట్టినా తేడా లేదు, సీసా లోపలి గాలి ఎటూ తేమగానే ఉంటుంది. అంతకు మించితే నేను పడుకోబెడతాను. వేసవిలో గది 25 డిగ్రీలు దాటేట్టయితే, చల్లదనం నిలకడగా ఉంచే వైన్ ఫ్రిజ్ లేకుండా వింటేజ్ సీసాల్ని దాచే ఆలోచన మానుకోండి. కొన్న ఏడాదే తాగండి.

ఒకే రకం మూడు సీసాలు కొనగలిగితే అంతకంటే మంచి పద్ధతి లేదు. ఒకటి ఇప్పుడు, ఒకటి మూడేళ్లకు, ఇంకొకటి రెండోదాన్ని బట్టి. రెండోది తీసినప్పుడు మూడోదాని రోజు మీకే తెలుస్తుంది. సీసా మెడకు చిన్న చీటీ కట్టి, కొన్న తేదీ, డిస్‌గార్జ్‌మెంట్ తేదీ, తీయాల్సిన ఏడాది పెన్సిల్‌తో రాయండి. తేమకు పెన్ను సిరా చెదురుతుంది, పెన్సిల్ రాత చెదరదు.